బంతియే కూలిగా

వేటగాడు నేలగూల్చిన పక్షిని నోట గఱచికొని, దాని యీక యొక్కటియైనను చెదరనీయక, చర్మమునకు పంటిగాటు తగులనీయక, నీటిలో నీది వచ్చి, యజమాని యరచేత నుంచి, మరల తన చోటికి పోయి నిలుచుండుట రిట్రీవరు జాతి కుక్కలకు కులవిద్య. ఈ విద్యలో వాసన పట్టుటయు, ఈదుటయు, పొదలలో దూరి వెదకుటయు చూచువారికి ముచ్చట గొల్పునవే గాని, నాకు వానియన్నిటికంటె అబ్బురముగా తోచునది, పట్టినదానిని మారు మాట లేక విడిచి యిచ్చుట. మీరట్ నగరమందలి రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రమున సైనిక పశువైద్యుడనుగా చేరిన నాడు మొదలుకొని, బహ్రెయిన్ దేశమున మనామా నగరపు మహూజ్ పేటలో కాపురముండి, భద్రతాసంస్థల కుక్కలకు వైద్యము చేయుచున్న ఈ దినము వఱకు, నా వృత్తి యంతయు ఇట్టి కుక్కల నడుమనే సాగినది. వానిలో పెక్కు నేడు లేవు. వానిని గూర్చి వ్రాయవలెనని చిరకాలముగా ననుకొనుచున్నాను.

వీని పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పక తప్పదు. లాబ్రడారు పూర్వులు న్యూఫౌండ్లాండు తీరమున బెస్తవారితో పడవలెక్కి, గాలము జారిన చేపలను, చేయిజారిన వలత్రాళ్లను చలినీటిలో దుమికి తెచ్చుచుండెడివి. ఆ తీరమునుండి ఇంగ్లండునకు చేరిన వానిని మామ్స్‌బరీ, బక్లూ ప్రభువులు వేటకుక్కలుగా పెంచి జాతిని నిలిపిరి; 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్బు ఆ జాతిని గుర్తించెను. బంగారువన్నె రిట్రీవరు స్కాట్లండు కొండసీమలలో గిసాకన్ అను ఎస్టేటున పుట్టినది. ఆ ఎస్టేటు యజమాని ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో నౌస్ అను పసుపువన్నె రిట్రీవరును, బెల్ అను ట్వీడ్ జలశునకమును జతపఱచి, పుట్టిన పిల్లలకు క్రోకస్, కౌస్లిప్, ప్రింరోజ్ అని పూవుల పేర్లు పెట్టి, వాని వంశక్రమమును తన స్వహస్తముతో పుస్తకమున వ్రాసి యుంచెను. ఆ పుస్తకము నిలిచినందుననే, నూటయేబది యేండ్లు దాటిన పిమ్మటను మనమా కుక్కలను పేరుపెట్టి పిలువగలుగుచున్నాము. పేరు వ్రాసి యుంచుట అల్పమైన పని కాదని నా నమ్మిక.

మన దేశమున ఈ కుక్కలకు పక్షివేట యెంతో కాలము దక్కలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత కొల్లేటిలోను, పులికాటులోను బాతులపై తుపాకి యెత్తుట క్రమముగా నేరమయ్యెను, అది న్యాయమే. అయినను కుక్క నెత్తురులోని విద్య చట్టముతో ఇంకిపోవునది కాదు. ఆ ముక్కును, ఆ నెమ్మదిని, మనుష్యుని మెప్పుకొఱకు ఎంతదూరమైనను నడువగల ఆ ఓరిమిని పోలీసులును సైన్యమును తమ పనికి మలచుకొనిరి. అయితే ఆ మలచుటలో కుక్కకు గొప్ప కష్ట మొకటి వచ్చి పడినది. తరతరములుగా ‘పట్టి తెమ్ము’ అని నేర్చిన జాతికి ‘ముట్టకుము’ అని నేర్పవలసి వచ్చినది. మందుపాతర దాగిన చోట కుక్క కాలితో త్రవ్వినను, నోట కఱచినను, కుక్కయు దానిని పట్టుకొన్న మనిషియు మిగులరు. కావున తొలుత వరుసగా పెట్టిన డబ్బాలలో నొకదానియందు పేలుడుపదార్థపు మచ్చు నుంచి, కుక్క దానిని మూచూచి కూర్చున్న క్షణముననే ఒక బంతిని దాని ముందర పడవేయుదురు. అది బంతిని నోట బట్టి ఆడుకొని, తెచ్చి యిచ్చును. మాసముల తరబడి సాగు ఈ యభ్యాసముతో దాని మనస్సున ఆ వాసనయు, కూర్చుండుటయు, బంతియు నొక్క ముడిగా పడిపోవును. తాను చేయుచున్న పనిలోని ప్రమాదము దానికి తెలియదు. కూర్చున్నచో బంతి వచ్చునని మాత్రము తెలియును. తన కులవిద్యను చూపుకొనుటకు దానికి బ్రదుకెల్ల మిగిలిన ఆధారము ఆ బంతి యొక్కటియే.

నాకు బహ్రెయినులో చిరపరిచితుడైన శ్రీకాకుళము జిల్లావాడొకడు, సైన్యమున శునకశిక్షకుడుగా పనిచేసి వచ్చినవాడు, నేను తొలిసారి అతని కుక్కను పరీక్షింపబోయి, మేజాపై నమూనాపెట్టె తెఱచియుండుట చూచి జంకగా, నవ్వి యనెను: “భయపడకండి బాబూ, అది ముట్టుకోదు. కూకుంటాది, అంతే.” అన్నట్లే అది పెట్టె వాసన చూచి, గచ్చుమీద కూర్చుండి, పెట్టెవంక గాక అతని మొగమువంక చూడసాగెను. ఆ చూపులో అతని జేబునందలి బంతిని గూర్చిన నిరీక్షణ తప్ప మఱేమియు లేదు.

లాబ్రడారు తిండిపోతని లోకము నవ్వును. ఆ మాటలో సత్యము కలదు. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు, లాబ్రడార్లలో నాలుగింట నొకదానికి సుమారుగా ఆకలిని అదుపుచేయు జన్యువున ఒక తునక లోపించియున్నదనియు, అంధులకును వికలాంగులకును తోడుపడుటకై పెంచు కుక్కలలో ఆ లోపము నాలుగింట మూడింటికి కనబడినదనియు తెలిపిరి. అనగా ఏ యాకలి దానిని ఎంగిలాకులవైపు లాగునో, ఆ యాకలియే దానికి చదువు నేర్పుచున్నది. అట్టి ఆకలిగొట్టు జంతువు పనివేళ మాంసపుముక్క ప్రక్కన నున్నను తిరిగిచూడక సాగిపోవుట నేను కన్నులార చూచినవాడను. ఋగ్వేదమున సరమ యను ఇంద్రుని శునకి, అపహృతములైన గోవుల జాడ తీసి పోగా, వానిని దొంగిలించిన పణులు ఆమెను చెల్లెలుగా చేసికొని గోవులలో పాలిత్తుమని ఆశ చూపినను లొంగక నిలిచినదని దశమ మండలమందలి సంవాదసూక్తము. ధర్మరాజు వెంట నడచిన కుక్కను మనవారు తఱచుగా తలతురు గాని, పని చేయు కుక్కలకు కులదేవత సరమయే యని నేను తలంతును.

ముంబయి పోలీసుల బాంబు దళమునకు చెందిన జంజీర్ అను లాబ్రడారు పేరు ఈ వృత్తిలో నున్నవారెల్లరు ఎఱుగుదురు. 1993 మార్చి 12న ఆ నగరము వరుస పేలుళ్లతో కంపించిన పిదప జరిగిన గాలింపులలో అది 3,329 కిలోల ఆర్డీఎక్సును, 600 డిటొనేటర్లను, 249 చేతిబాంబులను, 6,406 తూటాలను పట్టి యిచ్చినట్లు లెక్క. ఆ అంకెలను నెమ్మదిగా చదివినవారికి, ఒక్కొక్కదాని వెనుక ఆ కుక్క ఒక్కొక్కసారి ముట్టక కూర్చున్నదని స్ఫురింపక మానదు. 2000 సంవత్సరము నవంబరు 16న ఎముకల క్యాన్సరుతో అది మరణించెను. పోలీసులు లాంఛనములతో దానిని సాగనంపిరి. పెద్ద రిట్రీవర్లను మ్రింగు వ్యాధులలో క్యాన్సరు ముఖ్యమైనది. బంగారువన్నె జాతిలో దాని పాలు మఱియు నెక్కువ. సైన్యమున మాన్సీ యను లాబ్రడారు 2015లో తంగ్ధార్ సీమలో తన శిక్షకుడు బషీర్ అహ్మద్ వార్‌తో కూడ ప్రాణములు విడిచి, యుద్ధనివేదికలలో గౌరవప్రస్తావన పొందిన తొలి శునకమయ్యెను. 2023 సెప్టెంబరులో రాజౌరీ జిల్లాలో కెంట్ అను ఆరేండ్ల ఆడ లాబ్రడారు తన శిక్షకుని కాచి, తాను తూటాలకు గుఱియయ్యెను. దాని దేహముపై మువ్వన్నెల పతాకము కప్పిరి.

ఇట్టి గౌరవము క్రొత్తగా పాశ్చాత్యులనుండి నేర్చినదని యెవరైనను అందురేని, వారు కర్ణాటకమున మండ్య సీమలోని ఆతకూరు శాసనమును గూర్చి వినవలెను. రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలమున, క్రీస్తుశకము 949–50 ప్రాంతమున, కాళి యను వేటకుక్క యొక అడవిపందితో పోరాడి దానిని చంపి తానును చచ్చెను. గాంగరాజు బూతుగుని సేవకుడైన మణలేరుడు, యుద్ధమున తాను చూపిన పరాక్రమమునకు బహుమానముగా రాజు నడిగి తెచ్చుకొన్న కుక్క అది. అది మడిసినంతట దేవాలయము నెదుట శిల నిలిపి, కుక్కయు పందియు పెనగుచున్న రూపమును చెక్కించి, దాని పేరు వ్రాయించెను. తమిళనాట ఎడుత్తనూరు వీరగల్లు మఱింత ప్రాచీనము. దొంగల నెదుర్చి కఱచిన కోవివన్ అను కుక్క అందు తన యజమాని ప్రక్కన నిలిచి యున్నది. కుక్కకు పేరుండవలెననియు, ఆ పేరు రాతిపై నిలువవలెననియు తలచినవారు మనకు ఇరుగుపొరుగువారే.

నేనుండు ఈ ద్వీపమున కుక్కను గూర్చిన తలపు వేఱు. నివాసగృహమున దానికి చోటు తక్కువ. దాని నోటితడి శుచిని చెఱచునని పెక్కురు ధార్మికుల మతము. అయినను శిక్షితమైన వేటజంతువు మనుష్యునికొఱకు పట్టి నిలిపిన వేట భోజ్యమేయని ఖురాను ఐదవ సూరా చెప్పుచున్నది. తనకొఱకు గాక యజమానికొఱకు పట్టుట యను నియమము, రిట్రీవరు విద్యకు మూలమైన నియమమే యని నాకు తోచును. మహూజ్‌లో మా వీథి చివర నుండు ఒక వృద్ధుడు, తన తాతగారి కాలమున డేగతో పాటు సలూకీ జాతి వేటకుక్కలను వేటకు తోడ్కొని పోవుటను వర్ణించుచు, సలూకీ కుందేలును పట్టి, చంపి తినక, బిస్మిల్లా చెప్పువాడు వచ్చువఱకు ఒత్తిపట్టి నిలుచుండెడిదని చేతులతో చూపెను. ఈ నేల జంతువులకు సంస్కారము చేయుట నెఱుగనిది కాదు. కలాత్ అల్ బహ్రెయిన్ తవ్వకములలో డెన్మార్కు పురావస్తుపరిశోధకులు, ప్రాచీన భవనపు నేల క్రింద పాములను మట్టిగిన్నెలలో చుట్టి పెట్టి, కొన్నిటితో ముత్యమునో పూసనో ఉంచి పూడ్చిన జాడలను కనుగొనిరి.

ఇక్కడి వేసవిలో ఈ కుక్కలతో పని చేయించుట సున్నితమైన పని. నాలుక వ్రేలాడవేసి రొప్పు కుక్క వాసన చూడజాలదు. ఒక ఊపిరితో రెండు పనులు కావు. కావున శిక్షకుడు వాహనముల వరుస చెంతకు పోకమునుపే తన వెనుచేతిని తారుపై నాన్చి చూచును. తన చేయి ఓర్వలేని వేడిమిపై కుక్కపాదము మోపనీయడు. తెల్లవాఱకమునుపు కొంతపని, నడుమ చల్లని గదిలో విశ్రాంతి, సూర్యుడు క్రుంకిన తరువాత కొంతపని. ఇట్టి క్రమమున ఏండ్లు గడపిన రెండు కుక్కలు నాకు మిక్కిలి సన్నిహితములు. తార లేతపసుపు లాబ్రడారు, బ్రూనో నల్లనిది. బ్రూనో పోవుట యొక్క దినములో జరిగిపోయెను. ప్లీహమున పుట్టిన కంతి చిట్లి, చిగుళ్లు తెల్లబడి, శస్త్రచికిత్సకు వేళ చాలకపోయెను. ఆ ఉదయము వఱకు అది పనిచేసెను.

తార నెమ్మదిగా వృద్ధురాలయ్యెను. తుంటికీళ్లు అరిగి, లేచునపుడు ముందుకాళ్లపై భారము వైచి, వెనుకభాగమును ఒక ప్రక్కకు త్రిప్పి లేవసాగినది. ముక్కుమాత్రము మొక్కవోలేదు. విరమించిన పిమ్మట దానిని ఆ శ్రీకాకుళపు శిక్షకుడే తన యద్దెయింట నుంచుకొని, రాత్రులు లేచి ప్రక్క మార్చెను. కడపటి దినమున నేను సూదిమందు సిద్ధము చేయుచుండగా అతడు జేబునుండి పాతబడి బొచ్చూడిన టెన్నిసుబంతిని తీసి దాని నోటి కందించెను. అది బంతిని పట్టి, కొంతసేపు నాలుకతో నిమిరి, అలవాటు చొప్పున తల యెత్తి అతని యరచేత విడిచెను. అతడు మరల ఇచ్చెను. అది మరల విడిచెను. ‘ఉంచుకో తల్లీ, ఇది నీదే’ అని అతడు మూడవమాఱు నోట పెట్టినను, అది ఉంచుకొనుట నెఱుగదు. ఈ వృత్తిలో నేను చూచిన మరణములు కొల్లలు. వైద్యునిగా వానికి గట్టిపడిన వాడను. కాని తన దానిని సైతము తనదిగా నుంచుకొన నేర్వని ఆ జీవి యెదుట నా చేయి కొంతసేపు ఆగినది.

విరమించిన కుక్కలను పనికిరానివని కడతేర్చు రోజులు మన సైన్యమున సైతము ఒకప్పుడు ఉండెను. నేడు దత్తతకు ఇచ్చుచున్నారు, మీరట్‌లో వృద్ధశునకములకు ఆశ్రయ మేర్పఱచినారు. ఈ మార్పు కొఱకు పోరాడినవారికి నేను చేతులెత్తి మ్రొక్కుదును. ఈ ద్వీపముననున్న తెలుగు కుటుంబములవారు కొందఱు, పిల్లలు కోరుచున్నారని, అట్టి కుక్కను తెచ్చుకొనవచ్చునా యని నన్ను అడుగుచుందురు. తప్పక తెచ్చుకొనుడు. నున్నని టైల్సు గచ్చుపై దాని కాళ్లు జాఱును. అది తిరుగు మేర జంపకానలు పఱువుడు. కారులోనికి ఎగురనీయక ఎత్తి యెక్కింపుడు. బరువు పెరిగినచో కీళ్లు చెడును గావున, అది ఎంత దీనముగా చూచినను కొలిచిన అన్నమే పెట్టుడు. నొప్పిమందు మనుష్యులది ఎన్నడును ఇయ్యకుడు. వాడుకలోనున్న కొన్ని మాత్రలు కుక్క కడుపును, మూత్రపిండములను పాడుచేయును. పని మానిన కుక్క దిగులుపడును. దినమున కొకమాఱు ఇంటిలో నెక్కడనైన ఒక వస్తువును దాచి వెదకుమనుడు. అది దొరకిన చోట కూర్చుండి మీ మొగము చూచును. అప్పుడు ఆలస్యము చేయక బంతి వేయుడు.