కాగితాలు చదివే లాయరు

ఇల్లు కొనేవాళ్లు గోడలు చూస్తారు, వాస్తు చూస్తారు. మంచి లాయరు ముందు అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఈ ఆస్తి అమ్మేవారికి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అంటూ కనీసం 30 ఏళ్లు వెనక్కి వెళ్తారు. సర్వే నంబరు, హద్దులు ఒక దస్తావేజులో ఒకలా, మరోదానిలో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతారు. ఆ ఓపిక అంటే నాకు ఎంతో గౌరవం.

ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ లేదండీ అని బ్రోకరు భరోసా ఇస్తాడు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు చేయని వీలునామా, పుట్టుకతో వచ్చే వాటా అందులో ఉండవు. అందుకే లాయరుగారు, "అమ్మేవాళ్ల నాన్నగారికి ఆడపిల్లలు ఎంతమంది?" అని అడుగుతారు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు అప్పటి నుంచే ఉంది. అత్తారింట్లో ఉన్న అక్కగారి సంతకం ఏదని ఆయన పట్టుబట్టడం కొందరికి చాదస్తంగా అనిపిస్తుంది. నాకైతే అందులో ఆమె హక్కుకూ, కొనేవారి కష్టార్జితానికీ ఒకేసారి దొరికే రక్షణ కనిపిస్తుంది.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు కాగితాలతోనే యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత భూముల 22-ఏ జాబితా సరేసరి. ఇవన్నీ చూసి ఆయన ఒక్కోసారి "ఈ ఇల్లు వద్దండీ" అంటారు. ఆ మాటకూ ఫీజు సంతోషంగా ఇవ్వాలి. టోకెన్ అడ్వాన్సు చేతులు మారకముందే ఆయన దగ్గరికి వెళ్లాలి.