పదిహేను మేకల రాజనీతి

నేలకొండపల్లి అనగానే చాలామందికి కంచర్ల గోపన్న గుర్తొస్తాడు. భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో మగ్గిన రామదాసు పుట్టిన ఊరిది. ఊరివాళ్లు అంతకంటే పాత కథ కూడా చెబుతారు: ఇది విరాటరాజు ఏలిన నేల అని, ఊరి పక్క దిబ్బ ఆయనదని, కీచకుడు చచ్చింది ఇక్కడేనని. తవ్వకాల్లో బయటపడినవి బౌద్ధ స్తూపం, విహారాల ఇటుక పునాదులు. అయినా విరాటుడి పేరు ఆ దిబ్బను వదల్లేదు.

ఆటలు ఆడేవాళ్లు ఆ విరాటుడి కొలువులో ఒక మనిషిని గమనించాలి. అజ్ఞాతవాసంలో ధర్మరాజు కంకుభట్టు పేరుతో చేరింది రాజుతో పాచికలాడే ఉద్యోగానికే. జూదం వద్దని ముందు రాజుకు హితవు చెప్పి, ఆ తర్వాతే ఆటకు కూర్చున్నాడు. తన కొడుకు ఉత్తరుడు కౌరవసేనను ఓడించాడని విరాటుడు మురిసిపోతుంటే, బృహన్నల తోడుండగా గెలవకపోవడమేమిటని కంకుభట్టు అన్నాడు. రాజు మండిపడి పాచిక తీసి ముఖాన కొట్టాడు, నెత్తురు కారింది. కొలువంతా జయజయధ్వానాలు చేస్తున్నప్పుడు ఆ యుద్ధం నిజంగా గెలిచిందెవరో చెప్పినవాడు ఒక ఆటగాడు. ఫలితాన్ని కాక, ఆ ఫలితం ఎలా వచ్చిందో చూసే అలవాటు ఆట నేర్పే గొప్ప విద్య. ఆటల గురించి, ఆటల వ్యాపారం గురించి, రాజ్యాల గురించి మాట్లాడాలంటే ఆ చూపే కావాలి.

ఆ చూపుతో చూస్తే ఆట తన అభిప్రాయాన్ని కథలో కాదు, నియమాల్లో చెబుతుందని తెలుస్తుంది. అమెరికాలో లిజీ మాగీ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంటు తీసుకుంది. కొద్దిమంది గుప్పిట్లోకి భూమి పోతే మిగతావాళ్లు ఎలా దివాలా తీస్తారో చూపడం ఆమె ఉద్దేశం. ఆ తర్వాత ఒకే పలక మీద రెండు రకాల నియమాలు పెట్టింది: ఒకదానిలో సంపద అందరికీ పంచుతారు, రెండోదానిలో ఒక్కడే అంతా ఊడ్చుకుంటాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ అమ్మకానికి పెట్టిన మొనాపలీలో మిగిలింది రెండోది మాత్రమే. నియమం మారగానే హెచ్చరిక కాస్తా వేడుక అయింది.

నియమాల్లోనే తన మాటంతా చెప్పగలిగిన ఆట మన దగ్గర ఉంది. అది పులిజూదం. తెలుగు పల్లెల్లో గుడి అరుగుల మీద, బండల మీద చెక్కి కనిపించే ఆ గీతల్ని చాలామంది పిల్లల కాలక్షేపమనుకుంటారు. కన్సోళ్ల మీద, కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద ఎన్నో ఆటలు ఆడి వచ్చాక దాని ముందు కూర్చుంటే ఆ పనితనానికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ముందు గీత చూడండి. ఒక పెద్ద త్రిభుజం. దాని కొన నుంచి అడుగుదాకా లోపల మరో రెండు గీతలు. అంటే పక్క గీతలతో కలిపి కొన నుంచి నాలుగు గీతలు దిగుతాయి. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు త్రిభుజం దాటి రెండు వైపులా బయటికి వస్తాయి. ఆ బయటి చివరల్ని ఇటొకటి అటొకటి నిలువు గీతలతో కలిపేస్తారు. గీతలు కలిసే ప్రతి చోటా ఒక కాయ నిలవొచ్చు. కొనలో 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23. బొగ్గుముక్క ఉంటే నిమిషంలో గీయొచ్చు. గీయడానికి కొలబద్ద అక్కర్లేదు, గుర్తుంచుకోవడానికి పుస్తకం అక్కర్లేదు.

ఒక పక్షానికి 3 పులులు, రెండో పక్షానికి 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు సరిపోతాయి. పులులు ముందే పలక మీదికి వస్తాయి. కొనలో ఒకటి, దాని కింద రెండు పెట్టడం ఒక పద్ధతి. మేకలు ఒక్కొక్కటిగా వస్తాయి. మేక ఒకటి పెడితే పులి ఒక ఎత్తు కదులుతుంది. పదిహేనూ పెట్టేదాకా పెట్టిన మేక కదలకూడదు. పక్కనే ఉన్న మేక మీదుగా అదే గీతలో అవతలి ఖాళీ చోటికి దూకితే పులి దాన్ని తిన్నట్టు. మేకలు దేన్నీ చంపలేవు. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే గెలుపు వాటిది. ఎన్ని మేకల్ని తింటే పులి గెలిచినట్టో ఊరూరికీ లెక్క మారుతుంది. పాచికలు లేవు, గవ్వలు లేవు. రెండు పక్షాలకూ అంతా కళ్లెదుటే ఉంటుంది. ఓడితే అదృష్టాన్ని తిట్టుకునే వీలు లేదు.

ఇంత తక్కువ నియమాల్లో దాచిన ఆలోచన ఎంతో లెక్కవేసి చూద్దాం.

పులి దూకాలంటే మేకకు ఇవతల తానుండాలి, అవతల ఖాళీ ఉండాలి, రెండూ ఒకే గీతలో ఉండాలి. అలాంటి గీత ఏదీ తన గుండా పోని చోట నిలిచిన మేకను ఎవరూ తినలేరు. అలాంటివి పలక మీద సరిగ్గా 7: త్రిభుజం కొన, బయటి చట్రం నాలుగు మూలలు, అడుగు గీత రెండు చివరలు. మేకలు 15. కొనలో మొదటే పులి కూర్చుంటే ఆ ఏడూ ఆరవుతాయి. అంటే సగానికి పైగా మేకలు ప్రమాదం ఉన్న చోట నిలబడక తప్పదు. వాటికి దారి ఒక్కటే: తన వెనక చోటును మరో మేక నింపాలి. వెనక నిండి ఉంటే పులి దూకలేదు. ఈ ఆటలో భద్రత పలక ఇచ్చే వరం కాదు, ఒకదానికొకటి ఇచ్చుకునే ఆసరా. పదిహేనుకూ సరిపడా సురక్షితమైన చోట్లుంటే ప్రతి మేకా తన మూలన తాను బతికేది, ఆటే ఉండేది కాదు. ఆ ఏడు అంకెలోనే ఆట ప్రాణం ఉంది.

ఇక పులిని కట్టే లెక్క. పలక నడుమ, రెండో అడ్డగీత లోపలి చోటులో ఉన్న పులికి నాలుగు వైపులా దారులున్నాయి; ప్రతి వైపూ పక్కన ఒక మేక, దాని వెనక ఆసరాగా మరో మేక కావాలి. అంటే ఒక్క పులికి 8 మేకలు. అదే పులి చట్రం మూలకు చేరితే రెండే దారులు, 4 మేకలు చాలు. నడిమధ్య పులి బలం ఎనిమిది, మూలన నాలుగు. కాబట్టి మేకల పక్షం ఆట అంతా పులిని అంచుకు నెట్టడమే. చట్రం పై మూలలు రెండింటిలో, అడుగు గీత ఒక చివరలో దూరదూరంగా మూడు పులులుంటే 12 మేకలతో కట్టేయొచ్చు. అంటే మూడు మేకలు పోయినా గెలిచే అవకాశం మిగిలే ఉంటుంది. ఒక మేకను ఎరగా ఇచ్చి పులిని మూలకు రప్పించే ఎత్తుకు ఈ మిగులే ఆధారం.

ఇంకా ముచ్చటైన సంగతి ఉంది. చట్రానికి ఒకే పక్కన ఉన్న పై మూలలో ఒక పులి, కింది మూలలో ఒక పులి చేరాయనుకోండి. వాటిని కట్టడానికి ఎనిమిది అక్కర్లేదు, 5 చాలు. రెండింటి నడుమ నిలిచిన ఒకే మేక రెంటికీ అడ్డు; దాని మీదుగా దూకాలంటే అవతల ఉన్నది తోటి పులి. ఒక పులి దారికి రెండో పులే గోడ అవుతుంది. కలిసి వేటాడాల్సిన బలవంతులు ఒకే మూలకు చేరితే వాళ్ల బలం వాళ్లకే అడ్డుపడుతుందని ఏ సంభాషణా లేకుండా గీతలే చెబుతాయి.

ఎత్తుల వంతు కూడా అంతే నేర్పుగా కుదిరింది. పులి తన వంతు వస్తే కదలాల్సిందే. మంచి చోటు దొరికింది కదా అని కూర్చోవడం కుదరదు. మూడు పులుల్లో ఏదో ఒకటి కదలాలి. అందుకే దాన్ని తోలవచ్చు. మేకకు మాత్రం మొదటి పదిహేను ఎత్తులూ వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు. తొందరపడి పెట్టిన మేక పదిహేనూ పెట్టేదాకా అక్కడే నిలిచి తన కర్మ అనుభవిస్తుంది. బలవంతుడికి నిలకడ లేకుండా, బలహీనుడికి తప్పు దిద్దుకునే వీలు లేకుండా చేసి, ఆ రెండు లోట్లనూ ఎదురెదురుగా తూచారు. ఒక్క మేకా పోకుండా పదిహేనూ పెట్టగలిగితే పలక మీద మిగిలే ఖాళీలు 5 మాత్రమే. అప్పటిదాకా తరిమిన పులి ఇక గాలి కోసం వెతుక్కుంటుంది.

బలాలు సమానం కాని పక్షాల్ని సమానమైన పోటీలో నిలపడం నేటి ఆటల తయారీలో అతి కష్టమైన పనుల్లో ఒకటి. 2015లో వచ్చిన ‘ఇవాల్వ్’లో నలుగురు వేటగాళ్లు ఒక రాక్షసజంతువుతో తలపడతారు, పేరున్న స్టూడియో, పెద్ద పెట్టుబడి, అయినా ఆట నిలవలేదు. 2016 నాటి ‘డెడ్ బై డేలైట్’లో ఒక హంతకుడు, నలుగురు పారిపోయేవాళ్లు, అది నిలిచింది, కానీ ఆ తూకం చెడకుండా తయారీదారులు అంకెలు మారుస్తూనే ఉన్నారు. పులిజూదానికి దగ్గరి చుట్టమైన నేపాల్ బాఘ్‌చాల్‌లో 4 పులులు, 20 మేకలు, 25 చోట్లు. దాన్ని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్‌గెల్ట్ కంప్యూటర్‌తో లెక్కగట్టారు. రెండు పక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని తేలింది. పేరు తెలియని మనుషులు రాతి మీద గీసి, ఆడి, దిద్దుకుంటూ పోయిన తూకం అది. ఆ పరంపరకు చెందిన మన పలకను కూడా అంత గౌరవంతో చదవాలి.

ఇక్కడి నుంచి నేటి పరిశ్రమ వైపు చూస్తే కోపం రాక మానదు. పాచికను ఆటలోంచి తీసేసి పూర్వులు చూపిన దారిని వదిలి, పెద్ద కంపెనీలు పాచికను పెట్టెలో దాచి అమ్ముతున్నాయి. 2017లో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో, లోపల ఏముందో తెలియకుండా కొనే లూట్ బాక్సుల మీద ఆటగాళ్లు తిరగబడ్డారు. మరుసటి ఏడు బెల్జియం జూద నియంత్రణ సంస్థ, డబ్బుపెట్టి కొనే అలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. నేర్పుకు, అదృష్టానికి మధ్య గీత ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆటగాళ్లే. ఆ గీత గురించి చట్టసభలు ముందు వాళ్లను అడగాలి.

కొన్న ఆట కొన్నవాడిది కాకపోవడం రెండో అన్యాయం. ‘ది క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది; డబ్బిచ్చి కొన్నవాళ్లకు కూడా ఆట తెరుచుకోలేదు. దాంతో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలై, యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు కూడగట్టింది. ఆ సంతకాలు అడుగుతున్నది న్యాయమైనదే: అమ్మిన ఆటను, సంస్థ సర్వర్లు ఆపేశాక కూడా ఆడుకోగలిగేలా వదిలి వెళ్లమని. బండ మీద చెక్కిన పులిజూదాన్ని ఏ సంస్థా ఆపలేదు. సాంకేతికత ముందుకు పోవడమంటే కొన్న ఆటను ఆడుకునే హక్కు వెనక్కి పోవడం కాకూడదు.

మూడోది దేశాల రాజకీయం. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణలో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబుది, నేలకొండపల్లి ఉన్న ఖమ్మానికి పొరుగు జిల్లా సూర్యాపేట. ఆ సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అసలు ఆటను తయారు చేసింది కొరియా సంస్థ, ఫోన్లకు తెచ్చింది చైనా టెన్సెంట్. మరుసటి ఏడాది జులైలో అది బీజీఎంఐగా తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ తెరుచుకుంది. సరిహద్దులో నెత్తురు, సర్వర్ ఉన్న దేశం, మన సమాచారం ఎవరి చేతిలో ఉందన్న అనుమానం, అన్నీ పల్లెటూరి కుర్రాడి ఫోన్‌లోకి వచ్చి కూర్చున్నాయి. ఆటల్లో రాజకీయం వద్దనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. రాజకీయం అందులో ఉంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

అలా చదవడానికి పులిజూదమే మొదటి వాచకం. 2019లో బ్రూస్ మాన్స్‌ఫీల్డ్ రూపొందించిన ‘గాంధీ’ అనే బల్లమీది ఆటలో బ్రిటిష్ రాజ్, కాంగ్రెస్, ముస్లిం లీగ్, విప్లవకారులు ఒక్కో పక్షం. ఒక్కో పక్షం గెలిచే తీరు వేరు. దాన్ని కొత్తదనంగా ప్రపంచం మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. చంపే శక్తి లేని పక్షం గెలవగల తీరును మన పలక అంతకు ఎంతో ముందే చూపింది. ఈ తెలంగాణ నేల మీద 1946 నుంచి రైతులు దొరలకు ఎదురు నిలిచినప్పుడు వాళ్లు పెట్టుకున్న సంఘాల మొదటి బలం కూడా ఆ వెనక చోటు నింపడమే. ఒక్కడి పొలం మీదికి గూండాలు వస్తే ఊరు కదిలేది.

అందుకే ఈ ఆటను బడిలోకి తేవాలి. హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే కుర్రవాళ్లు పని నేర్చుకునే మొదటి వారంలోనే దీన్ని విప్పి చూడాలి. ఒక షరతు మాత్రం తప్పనిసరి చేయాలి: ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకోవాలి, రెండూ కలిపే గెలుపోటములు తేల్చాలి. పులిగా ఆడినవాడికి తన బలం ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. మేకగా ఆడినవాడికి పక్కవాడి వెనక నిలబడడం ఎంత ఓపిక పనో తెలుస్తుంది. ఆ రెండు పక్కలా కూర్చున్నవాడు ఆటల కంపెనీ గురించైనా, సాంకేతికత గురించైనా, దేశాల తగాదా గురించైనా చెప్పే అభిప్రాయానికి విలువ ఉంటుంది.