అరపేజీ వెనక పనితనం

నెదర్లాండ్స్‌లో పుట్టిన ఉట్రెక్ట్ జెండర్ డిస్ఫోరియా స్కేల్ అంటే, పుట్టినప్పుడు రాయించిన లింగానికీ తన జెండర్‌కీ పొంతన కుదరక కలిగే బాధను కొలిచే ప్రశ్నావళి. దాని పాత రూపంలో రెండు పత్రాలు, ఒక్కోదాంట్లో 12 వాక్యాలు. పుట్టినప్పుడు ఆడ అని రాయించినవారికి ఒకటి, మగ అని రాయించినవారికి ఇంకొకటి. వాక్యానికి 1 నుంచి 5 దాకా మార్కులు. చూస్తే అరపేజీ వ్యవహారమే. దాన్ని మరో భాషలోకి తెచ్చేవాళ్ల పనితనం మాత్రం నాకు భలే ముచ్చట.

ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి మూల భాషలోకి మారుస్తారు, అసలుతో పోల్చి తప్పులు పట్టడానికి. ఈయన మరీ తెలివైనవాడైతే చిక్కే, తప్పుల్ని తానే సర్దేస్తాడు! అసలు పని ఆ తర్వాతే. ట్రాన్స్ వ్యక్తులతో కూర్చుని, ఒక్కో వాక్యం చదివించి, "మీకేం అర్థమైంది? ఈ మార్కే ఎందుకు వేశారు?" అని అడుగుతారు. నెలసరి మీద ఒక వాక్యం ఉంది. హార్మోన్లతో నెలసరి ఆగిపోయిన ట్రాన్స్ పురుషుడు ఏ మార్కు వేయాలి? అనువాదంలో వంక లేకపోయినా లెక్క తప్పుతుంది. దాన్ని పట్టుకోవాలంటే నిఘంటువు చాలదు, ఓపిగ్గా వినాలి.

స్త్రీ, పురుషుడు అనే రెండు గళ్లలో ఇమడనివారికి ఆ రెండు పాత పత్రాల్లో చోటు లేదు. 2020లో వచ్చిన 18 వాక్యాల రూపం అందరికీ ఒకటే. దాంతో అనువాదం, పరీక్ష అన్నీ మళ్లీ మొదటికి. పాత స్కోర్లను కొత్తవాటితో నేరుగా పోల్చడానికీ లేదు.