ఎవరి స్వతంత్రం, ఎవరి అల్మర?

అమెరికన్ బుక్‌సెల్లర్స్ అసోసియేషన్ 1900లో పుట్టింది. సొంతంగా నడిచే పుస్తకాల షాపుల తరఫున మాట్లాడే జాతీయ సంఘం. చిన్న షాపుల కోసం కొట్లాడింది, కాదనలేం. ఒకే పుస్తకాన్ని దేశమంతా శాఖలున్న పెద్ద కంపెనీలకు ఎక్కువ కమీషన్ మీద, వీధి చివరి షాపుకు తక్కువ కమీషన్ మీద ఇస్తున్నారని 1994లో కొందరు ప్రచురణకర్తలను కోర్టుకీడ్చింది. 1997లో పెంగ్విన్ రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. 1998లో బార్న్స్ అండ్ నోబుల్, బోర్డర్స్ కంపెనీల మీదనే కేసు వేసి, 2001లో 47 లక్షల డాలర్లకు రాజీపడింది. ఒంటరి షాపాయన చేయగల పని కాదిది.

అయితే ఇక్కడ 'స్వతంత్ర' అంటే అర్థమేంది? షాపు ఎవరి సొంతం అన్నదొక్కటే. అల్మరలో ఎవరి బతుకు ఉన్నది, కౌంటరు ముందు ఎవరు బెరుకు లేకుండా నిలబడతరు అన్న ప్రశ్న అందులో లేదు.

న్యూయార్క్ హార్లెంలో లూయిస్ మిషో 1930లలో తెరిచిన షాపు నల్లవాళ్ల చరిత్రకు చదువులబడి. దాని ముందు నిలబడే మాల్కం ఎక్స్ ఉపన్యాసాలిచ్చాడు. 1974లో అది మూతపడింది. 1968లో ఎఫ్.బి.ఐ. అధిపతి హూవర్ నల్లవాళ్ల పుస్తకాల షాపుల మీద నిఘా పెట్టమని ఆదేశించాడు. మిగతా చిన్న షాపులకు కమీషన్ బాధ ఒక్కటే. వీళ్లకు దాని మీద పోలీసు బాధ. రెండో బాధ ఏ డిస్కౌంటు లెక్కలోకీ రాదు.

2021లో ఏమైందో చూడండి. ఆరుగురు నల్లజాతి రచయిత్రులు కలిసి రాసిన 'బ్లాకౌట్' నవలను ప్రచారం చేస్తూ ఈ సంఘం వేరే అట్ట వేసింది. అది అదే పేరుతో కాండేస్ ఓవెన్స్ రాసిన రాజకీయ పుస్తకం అట్ట. ఆమే నల్లజాతి మనిషే, కానీ రాజకీయం పూర్తిగా ఎదురు దిక్కు. ఇది జాత్యహంకార తప్పేనని సంఘం ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఒప్పుకోవడం మంచిదే. కానీ పుస్తకాలే వృత్తిగా ఉన్నోళ్లు పేరు చూసిండ్రు, లోపల మనిషిని చూడలే.

మనకెందుకీ అమెరికా సంగతి అంటారా? మా ఇంట్లో డిగ్రీ మొదట చదివింది నేను. ఎం.ఏ.లో ఉండంగ ఒక షాపుకు పోయి అంబేద్కర్ సంపుటాలు అడిగితే, షాపాయన తలెత్తకుండానే 'గ్రూప్ టూ గైడ్లు అటు' అన్నడు. ఆ షాపూ స్వతంత్రమైందే. నాకు కావలసింది ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ అంబేద్కర్ విగ్రహం దగ్గర, నేల మీద పరిచిన గుడ్డ మీద దొరికింది. అమ్మేటాయనకు షాపు లేదు, సంఘం లేదు. విద్యార్థినని పది రూపాయలు తగ్గించి ఇచ్చిండు.