ఒకే ఎస్‌క్యూఎల్, నాలుగు స్వభావాలు

వ్యాపార సంస్థల లెక్కలు మోసే రిలేషనల్ డేటాబేస్‌లలో ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, ఐబీఎం డీబీ2, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ముఖ్యమైనవి. నాలుగింటికీ మూలం ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన పత్రం. సమాచారాన్ని పట్టికలుగా చూడాలని, అది డిస్కు మీద ఎక్కడ ఉందో ప్రోగ్రాము రాసేవారు పట్టించుకోనక్కర్లేదని ఆయన ప్రతిపాదించారు. ఆ ఆలోచనను ఆచరణలో పెట్టిన ఐబీఎం ప్రయోగశాలలోనే ఎస్‌క్యూఎల్ భాష రూపుదిద్దుకుంది. 1979లో ఒరాకిల్, 1983లో డీబీ2 మార్కెట్లోకి వచ్చాయి. సైబేస్ సంస్థతో కలిసి మైక్రోసాఫ్ట్ 1989లో ఎస్‌క్యూఎల్ సర్వర్ తెచ్చింది. 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వచ్చింది.

పట్టికలు, ఇండెక్సులు, ట్రాన్సాక్షన్లు, బ్యాకప్‌లు నాలుగింటిలోనూ ఉన్నాయి. అందుకే సదుపాయాల జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దగా ఏమీ తేలదు. వందల మంది ఒకేసారి పనిచేస్తున్నప్పుడు, యంత్రం ఆగిపోయినప్పుడు, లైసెన్సు ఖర్చు లెక్కించినప్పుడు వాటి అసలు స్వభావాలు బయటపడతాయి. పోలిక అక్కడ మొదలుకావాలి.

నెలాఖరున ఒక టోకు వ్యాపార సంస్థలో కౌంటర్ల దగ్గర బిల్లింగ్ సాగుతుండగా, లోపల జీఎస్టీ రిటర్న్ కోసం నెల మొత్తం అమ్మకాల రిపోర్టు నడుస్తుంది. రిపోర్టు చదువుతున్న వరుసనే ఒక కౌంటర్ మారుస్తుంటే ఏం జరగాలి? ఒరాకిల్ పాత విలువను అన్‌డూ అనే వేరే చోట దాచి, రిపోర్టుకు అది మొదలైన క్షణం నాటి లెక్క చూపిస్తుంది. చదివేవారికోసం రాసేవారు ఆగరు, రాసేవారికోసం చదివేవారూ ఆగరు. అయితే రిపోర్టు గంటల తరబడి సాగి, ఈలోగా అన్‌డూలోని పాత విలువలు చెరిగిపోతే అది లోపం చూపి మధ్యలో ఆగిపోతుంది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా ఎవరినీ ఆపదు కానీ, పాత వరుసను అదే పట్టికలో ఉంచుతుంది. అక్కర తీరిన పాత వరుసలను వాక్యూమ్ అనే ప్రక్రియ తర్వాత శుభ్రం చేస్తుంది. ఎవరైనా ఒక ట్రాన్సాక్షన్ తెరిచి రోజంతా వదిలేస్తే ఆ శుభ్రత ముందుకు సాగదు. పట్టిక ఉబ్బిపోతుంది, క్వెరీలు నెమ్మదిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను సొంత యంత్రంలో స్థాపించి సెట్టింగులు మార్చకుండా వదిలేస్తే లాకుల మీద నడుస్తుంది: కౌంటర్ తన మార్పును కమిట్ చేసేదాకా, అంటే ఖాయం చేసేదాకా, రిపోర్టు ఆ వరుస దగ్గర ఎదురుచూడాలి. పాత విలువలను టెంప్‌డీబీ అనే తాత్కాలిక డేటాబేస్‌లో ఉంచి ఈ నిరీక్షణను తప్పించే సెట్టింగు 2005 నుంచి ఉంది. దాన్ని ఎవరో ఒకరు ఆన్ చేయాలి. లినక్స్, యూనిక్స్, విండోస్‌లపై నడిచే డీబీ2, 2009 నాటి 9.7 వెర్షన్ నుంచి చివరిగా కమిట్ అయిన విలువను అవసరమైతే లాగ్ నుంచి తీసి చూపుతుంది. అన్నింటికీ క్వెరీ ఒకటే. నెలాఖరు అనుభవం మాత్రం నాలుగు రకాలు.

తెలుగు పేర్లు నిల్వ చేసే సంస్థలకు మరో తేడా ముఖ్యం. ‘వెంకటేశ్వర్లు’ కంటికి అయిదు అక్షరాలు. యూనికోడ్‌లో 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో 39 బైట్లు. పేరు గడికి 30 అని పొడవు ఇస్తే, సెట్టింగు మార్చని ఒరాకిల్ దాన్ని బైట్లుగా లెక్కించి ఈ పేరును తిరస్కరిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సంకేతాలుగా లెక్కిస్తుంది కాబట్టి పేరు సులువుగా పడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ రకం వాడాలి. మామూలు వార్‌చార్‌కు యూటీఎఫ్-8 మద్దతు 2019 వెర్షన్‌లోనే వచ్చింది. అది లేని చోట తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. పౌరుల పేర్లు, చిరునామాలు దాచే చోట ఇది చిన్న విషయం కాదు.

యంత్రం ఆగినప్పటి తీరు తర్వాతి పరీక్ష. ఒరాకిల్ రాక్ పద్ధతిలో పలు సర్వర్లు ఒకే డేటాబేస్‌ను ఏకకాలంలో తెరుస్తాయి. ఒకటి పడిపోయినా మిగతావి పని కొనసాగిస్తాయి. డీబీ2కు ఈ బలం మెయిన్‌ఫ్రేమ్‌ల నుంచి వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి ఆల్వేస్ ఆన్ గ్రూపులతో డేటాబేస్ ప్రతులను సిద్ధంగా ఉంచుతోంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2010 నుంచి స్ట్రీమింగ్ రెప్లికేషన్ ఉంది కానీ, ప్రధాన సర్వర్ పడిపోయిందని తేల్చి ప్రతికి బాధ్యత అప్పగించే పనికి పట్రోని వంటి వేరే సాధనం కావాలి. ఏ వ్యవస్థలోనైనా ప్రతి కూడా రాసుకునేదాకా కమిట్‌ను ఆపితే వేగం తగ్గుతుంది. ఆపకపోతే ప్రమాదంలో చివరి కొన్ని లావాదేవీలు పోవచ్చు. బ్యాంకు మొదటిది ఎంచుకోవాలి. వెబ్‌సైట్ సందర్శకుల లెక్కకు రెండోది చాలు.

ఖర్చు దగ్గర అంతరం పెద్దది. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ జాబితా ధర ప్రాసెసర్‌కు 47,500 డాలర్లు. సాధారణ ఇంటెల్ సర్వర్లలో రెండు కోర్లను ఒక ప్రాసెసర్‌గా లెక్కిస్తారు. ఏటా 22 శాతం సపోర్టు రుసుము కలిపితే, అయిదేళ్లలో సపోర్టు మొత్తమే మొదటి ధరను దాటిపోతుంది. రాక్, పార్టిషనింగ్ వంటివాటికి విడిగా చెల్లించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను కోర్ల లెక్కన, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం నాలుగు కోర్ల చొప్పున కొనాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు లైసెన్సు రుసుము లేదు. అయితే వాక్యూమ్, బ్యాకప్, ప్రతుల మార్పిడి తెలిసిన మనుషుల జీతం బడ్జెట్లో ఉండాలి. అది లేకుండా ఉచితమని తెచ్చుకోవడం బాధ్యతాయుతం కాదు.

ఆ ధర చూసి ఒరాకిల్ నుంచి బయటపడాలనుకునేవారు మార్పు ఖర్చునూ లెక్కించాలి. ఒరాకిల్‌కు ఖాళీ స్ట్రింగ్ అంటే నల్ విలువే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు రెండూ వేరు. ఒరాకిల్ డేట్ రకంలో గంటలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేట్‌లో రోజు మాత్రమే. పట్టిక నిర్మాణం మార్చే ఆదేశాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రోల్‌బ్యాక్ చేయవచ్చు; ఒరాకిల్ దాన్ని వెంటనే కమిట్ చేసేస్తుంది. ఏళ్లుగా ఒరాకిల్ సొంత భాష పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో రాసుకున్న వ్యాపార నియమాలను ఒక్కొక్కటిగా మళ్లీ రాసి పరీక్షించాలి.

అందువల్ల నమ్మదగిన పోలిక సంస్థ సొంత డేటా మీద, సొంత నెలాఖరు ఒత్తిడిలో చేసినదే. దానికి మూడు పనులు కావాలి: అసలు రిపోర్టు, అసలు బిల్లింగ్ కలిపి నడపడం, బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టి ఎంతసేపు పట్టిందో కొలవడం, లైసెన్సు, సపోర్టు, జీతాలు, మార్పు ఖర్చు కలిపి అయిదేళ్లకు లెక్క వేయడం. ఇప్పటికే విండోస్, మైక్రోసాఫ్ట్ సాధనాల మీద నడిచే సంస్థకు ఎస్‌క్యూఎల్ సర్వర్, మెయిన్‌ఫ్రేమ్ ఉన్న బ్యాంకుకు డీబీ2, ఒక్క నిమిషమూ ఆగకూడని భారీ వ్యవస్థకు ఒరాకిల్, నేర్పున్న బృందంతో కొత్తగా మొదలుపెట్టే సంస్థకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సహజంగా సరిపోతాయి. ఆ మొగ్గును ఈ మూడు పరీక్షలు నిర్ధారించాకే సంతకం పెట్టాలి.