పేరంటానికి లక్కపిడతలు

సంక్రాంతి పేరంటం నుంచి తెచ్చుకున్న సంచి విప్పితే పసుపు, కుంకుమ, తమలపాకులు, రెండు అరటిపళ్లు ఉంటాయి. వాటి పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అలాంటి డబ్బాలు ప్రతి ఇంటి అటక మీదా ఇప్పటికే గుట్టపడి ఉన్నాయి. పిల్లలకు ఇచ్చేవైతే నెల తిరక్కుండా విరిగిపోయే బ్యాటరీ బొమ్మలు. పండగపూట ఇచ్చే వస్తువు పుచ్చుకున్నవాళ్లకు బరువు కాకూడదు, చేసినవాళ్ల పొట్ట కొట్టకూడదు, పాతబడ్డాక నేలను పాడు చెయ్యకూడదు. ఈ మూడింటికీ తట్టుకునే కానుక మనకు దగ్గర్లోనే తయారవుతోంది, ఏటికొప్పాకలో.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఈ ఊరు. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే నడిచింది. ఆ గౌరవాలు సంతోషమే గాని, నాకు ఆ పనితనం ఇంకా ముచ్చట.

పనికి వాడేది అంకుడు కర్ర. మెత్తగా, తేలిగ్గా, నునుపైన నారతో ఉంటుంది. కొమ్మ నరికి, బెరడు తీసి, తడి పూర్తిగా ఆరేదాకా ఉంచుతారు. పచ్చి కర్ర మీద పని చేస్తే తర్వాత బీటలు వారుతుంది. ఆరిన ముక్కను తరిమెనకు బిగించి తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. ఒకప్పుడు తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. గిరగిరా తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనించి నొక్కుతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె లేదు, నీళ్లు లేవు, పొయ్యి లేదు. పైన మొగలి ఆకు పెట్టి రుద్దితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. కరిగిన లక్క చెక్కకు అంటుకుని గట్టిపడుతుంది కాబట్టే చవక పెయింటులా పొలుసులుగా ఊడిరాదు.

ఈ బొమ్మలు దాదాపు అన్నీ గుండ్రంగా ఎందుకుంటాయో తరిమెనను చూస్తే తెలిసిపోతుంది. బొంగరాలు, కుంకుమ భరిణెలు, గిలక్కాయలు, ఆడపిల్లలు బువ్వలాట ఆడుకునే లక్కపిడతలు, అన్నీ తిరుగుతూ పుట్టినవే. కొండపల్లి దారి వేరు. అక్కడ తెల్ల పొణికి కర్రను చెక్కి, భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, కుంచెతో రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు కొలువులో పెట్టి చూసుకోవడానికి బాగుంటాయి. ఏటికొప్పాక బొమ్మ చేతిలో పట్టుకుని ఆడుకోవడానికి.

చేతిలో ఉన్నది నోట్లోకి వెళ్లకుండా పసిపిల్లలు ఊరుకోరు. అందుకే రంగు సంగతి ముఖ్యం. రసాయన రంగులు వచ్చి పాత పద్ధతిని పక్కకు నెట్టేసిన కాలంలో, అదే ఊరికి చెందిన సి.వి. రాజు మొక్కల రంగుల మీద పట్టుదలగా పనిచేసి వాటిని మళ్లీ కళాకారుల చేతికి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. నీలంలో పసుపు కలిస్తే ఆకుపచ్చ. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, రంగు వేసి, సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి, అంతటా ఒకే రంగు పట్టాక కడ్డీలు చేస్తారు.

లక్క కూడా అడవి సొత్తే. మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు దాన్ని స్రవిస్తాయి. చెట్టు బతికుంటేనే లక్క, లక్క ఉంటేనే దాన్ని సేకరించే అడవి పల్లెలకు నాలుగు డబ్బులు. దాన్ని తీసేటప్పుడు పురుగులు చనిపోతాయన్నదీ నిజమే. జీవహింస బొత్తిగా పనికిరాదనుకునేవారు ఆ మాట తెలుసుకునే కొనాలి. అంకుడు కర్ర విషయంలోనూ జాగ్రత్త కావాలి. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది, కానీ దానికి వ్యవధి ఇవ్వాలి, కొత్తవి నాటాలి. కర్ర దొరకని రోజు కళాకారుడికి పని ఉండదు.

కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: రంగు మొక్కలదా, రసాయనమా? ఎవరు చేశారు? ఏటికొప్పాక పేరుతో అమ్మేవన్నీ మొక్కల రంగులవే అనుకోవద్దు. బొమ్మలకు 2021 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరైంది గాని, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది. చిన్నచేతివృత్తిని బతికించే మంచి మినహాయింపే అది. అయితే గుర్తు చెప్పాల్సిన మాటను ఇక్కడ అమ్మేవారి నోటి నుంచే రాబట్టుకోవాలి. మొక్కల రంగులు కాస్త నిదానంగా, కంటికి చల్లగా ఉంటాయి. కళ్లు జిగేలుమనిపించే గులాబీ రంగు కనబడితే ఇంకోసారి అడగండి. మూడేళ్లలోపు పిల్లలకు బుల్లి గిన్నెలు, మూతలు ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్లకు పెద్ద గిలక్కాయే మేలు.

ఇచ్చేటప్పుడు వాడకం కూడా చెప్పి ఇవ్వండి. వేడికి కరిగి పట్టిన లక్క వేడికే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, వేడి నీళ్లలో కడగకూడదు. శానిటైజర్ అసలు వద్దు, ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చుట్టడానికి మెరుపు కాగితం, థర్మోకోల్ దేనికి? రవికె గుడ్డలో మూటకట్టి ఇస్తే మూట కూడా వాయనమే అవుతుంది.

బేరం మాత్రం ఆడకండి. కర్ర ఆరబెట్టిన రోజులు, రంగు తీసిన శ్రమ, ఉలి పట్టిన చేతి నేర్పు ఆ ధరలోనే ఇమడాలి. ముప్పైమంది పేరంటాళ్లకు భరిణెలు కావాలంటే దసరా వెళ్లగానే కళాకారులకు చెప్పి, కొంత సొమ్ము ముందుగా ఇవ్వండి. పండగ వారంలో తొందరపెడితే సరిగా ఆరని కర్రే తరిమెన ఎక్కుతుంది.