పుట్టింటికి దారి ఎవరినడగాలి?

టీవీలో 'సీతారామయ్యగారి మనవరాలు' ఎప్పుడొచ్చినా అమ్మ చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటుంది. ఒక్క పాట దగ్గర మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అమెరికా నుంచి వచ్చిన మనవరాలు తన మేనత్త అత్తవారింటికి వెళ్ళి, ఆమెను పుట్టింటికి పంపించమని వాళ్ళను బతిమాలే పాట అది. వేటూరి రాసి, కీరవాణి స్వరపరిచి, చిత్ర పాడిన ఆ పాటంటే ఇష్టం లేనివాళ్ళను నేనింతవరకూ చూడలేదు. ఒకసారి ఉండబట్టలేక ఎందుకు లేచిపోతావని అడిగేశాను.

"మా అమ్మ పాడింది ఇట్లా కాదు. అందులో ఆ పిల్ల తనే అడుగుతుంది. ఇందులో మేనత్తకి పాటే లేదుగా" అంది.

స్త్రీల పాటల మీద డాక్టరేటు చేసినదాన్ని నేను. ఆ సినిమా పాట ఎత్తుగడ 'కలవారి కోడలు' పాట నుంచి వచ్చిందని విద్యార్థులకు చెప్పినదాన్నే. కానీ ఎత్తుగడ ఒకటే అయినా అడిగే మనిషి మారిపోయిందన్న సంగతి నాకు తట్టలేదు. ఇంటికి తిరిగి రావడం గురించి మన పాటలూ సినిమాలూ ఇంతకాలంగా ఏం చెబుతూ వచ్చాయో మళ్ళీ మొదటి నుంచి చూడాలనిపించింది అక్కడే.

'కలవారి కోడలు' మనలో చాలామందికి అమ్మమ్మల గొంతులో తెలిసిన పాట. కోడలు పప్పు కడుగుతూ ఉంటుంది. అన్న వస్తాడు. ఆమె కంట నీరు చూసి, అత్తమామలకు చెప్పి బయలుదేరమంటాడు. అక్కడి నుంచి మొదలవుతుంది ఆమె ప్రయాణం. పుట్టింటి వైపు కాదు, అత్తింట్లోనే ఒక మంచం దగ్గర నుంచి ఒక కుర్చీ దగ్గరికి. అత్త పడుకుని ఉంటుంది, మామ కూర్చుని ఉంటాడు, బావ భారతం చదువుకుంటూ ఉంటాడు, తోడికోడలు వంట చేస్తూ ఉంటుంది, భర్త రచ్చలో ఉంటాడు. ప్రతివాళ్ళనూ ఒకటే మాట అడుగుతుంది, మా అన్న వచ్చాడు, పంపుతారా అని. ప్రతివాళ్ళూ తమకు తెలియదని, ఫలానావాళ్ళనడగమని పక్కకు నెట్టేస్తారు. చివరికి భర్త నగలు పెట్టుకుని, చీర కట్టుకుని వెళ్ళిరమ్మంటాడు.

ఈ పాటలో ఒక్కరు కూడా వద్దనరు. నాకు ఇన్నేళ్ళూ కనిపించనిది ఇదే. అత్త గయ్యాళి కాదు, మామ కఠినుడు కాదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. అధికారం ఒక మనిషి దగ్గర ఉంటే నిలదీయవచ్చు. అది ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి జారిపోతూ ఉంటే ఆడమనిషికి మిగిలేది గది గదికీ తిరగడమే. పితృస్వామ్యం అంటే ఏమిటో నేను తరగతి గదిలో గంటసేపు చెప్పే పాఠం ఆ పాట నాలుగు నిమిషాల్లో చెప్పేస్తుంది. పైగా అంతగా తిరిగి సంపాదించుకున్నది పుట్టింట్లో ఉండిపోయే అనుమతి కూడా కాదు, వెళ్ళి రావడానికి మాత్రమే.

1991 నాటి సినిమా పాటలో ఈ తిరుగుడంతా పోయింది. మేనకోడలు అత్తింటివాళ్ళను పొగిడి, మేనత్త సుగుణాలను వర్ణించి, మర్యాదగా అడుగుతుంది. పాట వినడానికి ఎంత తీయగా ఉంటుందంటే, ఒక పెద్ద మనిషిని తన ఇంటికి తాను వెళ్ళడానికి ఇంకొకరు అడగాల్సి వచ్చిందేమిటన్న సందేహమే రాదు. వేటూరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కథ అడిగింది ఆయన రాశారు. కానీ జానపద గీతాన్ని సినిమా 'నిలబెట్టింది' అని మనం మురిసిపోయేటప్పుడు, నిలబెట్టే క్రమంలో అందులో ఎవరి నోరు మూతపడిందో కూడా చూసుకోవాలి కదా.

ఇక్కడ ఒక మాట. కలవారి కోడలి పాట, పేరులోనే ఉన్నట్టు, ఉన్నవాళ్ళ ఇంటి పాట. ఎక్కడానికి అందలం ఉన్న ఇంటిది. స్త్రీల రామాయణ పాటల మీద 1991లో అచ్చయిన తన వ్యాసంలో వెల్చేరు నారాయణరావు బ్రాహ్మణ స్త్రీల పాటలకూ తక్కిన కులాల స్త్రీల పాటలకూ తేడా చూపించారు. ఆ మెలకువ ఇక్కడా అవసరమే. కూలికి వెళ్ళే ఆడదానికి పుట్టిల్లు ఎంత దూరమో వేరే పాటలు చెబుతాయి. హనుమకొండ వైపు పాటలు సేకరిస్తున్నప్పుడు నేను మళ్ళీ మళ్ళీ విన్న బతుకమ్మ పాట ఒకటుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకే ఊరికి ఇచ్చారు. ఉన్న ఒక్క అన్నా వచ్చి పోవడం లేదు. ఎట్లా రాను, మధ్యలో ఏరు ఉంది, తలుపులున్నాయి అని సాకులు చెబుతాడు. బతుకమ్మ అంటే పెళ్ళయిన ఆడపిల్లలు తల్లిగారింటికి వచ్చి ఆడుకునే పండుగ. రాగలిగినవాళ్ళంతా చేరి, వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ, అన్న రాని అక్కచెల్లెళ్ళ పాట పాడటం! ఆ వలయంలో నిలబడి విన్నప్పుడు ఆ పాట నాకు వేడుక పాటలా అనిపించలేదు. రాలేకపోయినవాళ్ళ హాజరు తీసుకుంటున్నట్టు అనిపించింది.

సినిమాల్లో తిరిగి రావడానికి వస్తే, నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది 'మిస్సమ్మ' (1955). ఎల్.వి. ప్రసాద్ తీసిన ఈ సినిమాను మనం హాస్యచిత్రంగానే చూస్తూ వచ్చాం. నేనూ అంతే, నవ్వుకుంటూనే చూశాను చాలాసార్లు. కానీ కథేమిటి? చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు క్రైస్తవుల ఇంట మేరీగా పెరిగి, బి.ఏ. చదివి, పెంచినవాళ్ళ అప్పు తీర్చడానికి ఉద్యోగం వెతుక్కుంటుంది. ఉద్యోగం భార్యాభర్తలకే ఇస్తామన్నారు కాబట్టి ముక్కూమొహం తెలియని మగవాడితో పెళ్ళయినట్టు నటిస్తూ అప్పాపురం వస్తుంది. ఆ ఊరు ఆమెదే. ఆ ఇల్లు ఆమెదే. ఆమె పాఠాలు చెప్పే బడికి పెట్టిన పేరు కూడా తప్పిపోయిన ఆమెదే, మహాలక్ష్మి. సొంత ఇంట్లోకి అడుగు పెట్టడానికి కూడా ఒక భర్త, ఉత్తుత్తి భర్తయినా సరే, పక్కన ఉండాల్సి వచ్చింది. ఆ సంగతి మీద సినిమా మనల్ని కడుపుబ్బ నవ్విస్తుంది. సావిత్రి ముఖంలో సినిమా పొడుగునా ఉన్న చిరాకు మాత్రం నవ్వులాటది కాదు. చివరికి ఆమె ఎవరో తెలుస్తుంది, అందరూ సంతోషిస్తారు, ఉత్తుత్తి భర్త నిజం భర్త అవుతాడు. జీతం తెచ్చుకున్న మేరీ ఏమైందని అడిగేవాళ్ళుండరు. పెంచి పెద్ద చేసిన ఇల్లు ఇల్లు కాకుండా ఎలా పోతుందో కూడా ఎవరికీ పట్టదు. తన ఇంటికి చేరుకోవడమంటే మేరీగా ఉండటం మానుకోవడమే.

మగవాళ్ళు తిరిగి రావడానికి ఇన్ని తంటాలు లేవు. 'శ్రీమంతుడు'లో (2015) హీరో తన తండ్రి ఊరు దేవరకోట అని తెలుసుకుని అక్కడికి వెళ్తాడు, ఊరిని దత్తత తీసుకుంటాడు. దత్తత అన్న మాట గమనించండి. వచ్చినవాడు బిడ్డగా రాలేదు, తండ్రిగా వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత 'మహర్షి'లో (2019) అమెరికాలో పెద్ద కంపెనీ నడిపే హీరో స్నేహితుడి ఊరికి వస్తాడు. సొంత ఊరు కాకపోయినా ఫరవాలేదన్నమాట, మగవాడు ఏ ఊరికి వచ్చినా ఇంటికి వచ్చినట్టే. ఈ సినిమాల్లో రైతుల కష్టం గురించి నిజమైన మాటలు లేకపోలేదు. కానీ తల్లి ఊరు అన్నది ఒకటుంటుందని, హీరో అక్కడికి కూడా తిరిగి వెళ్ళవచ్చని ఈ కథలకు తోచదు. ఊరు అంటే తండ్రి ఊరే.

వచ్చే మగవాడిని స్త్రీల పాటలు అంత తేలిగ్గా గుమ్మం దాటనియ్యలేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తు తెచ్చుకోండి. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు తన గదికి తిరిగి వస్తే, నిద్రలేచిన ఊర్మిళ ఎవరో పరాయివాడనుకుంటుంది. పరస్త్రీని కోరినవాళ్ళకు ఏ గతి పట్టిందో ఏకరువు పెడుతుంది. తనవాళ్ళకు తెలిస్తే ఊరుకోరని బెదిరిస్తుంది. అప్పుడతను తానెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. వాల్మీకిలో లేని ఈ గడప దగ్గరి నిలదీతను ఆడవాళ్ళు కల్పించుకుని, తరతరాలుగా పాడుకున్నారు. మన సినిమాల్లో ఇంత ప్రశ్న ఎదుర్కొని లోపలికి వచ్చిన హీరో నాకు గుర్తు రావడం లేదు.

'అత్తారింటికి దారేది' (2013) సంగతి చూద్దాం. ఈ సినిమా నాకు ఇష్టం కూడా, దాచుకోవడం దేనికి. ఇష్టం కాబట్టే దాని పేరు నన్ను వేధించింది. మిలాన్‌లో ఉన్న ముసలి కోటీశ్వరుడు, తన మాట కాదని పెళ్ళి చేసుకున్నందుకు ఒకప్పుడు ఇంటి నుంచి వెళ్ళగొట్టిన కూతురు సునందను చూడాలనుకుంటాడు. మనవడు మేనత్తను తీసుకురావడానికి హైదరాబాదు వచ్చి, ఆమె ఇంట్లో డ్రైవరుగా చేరతాడు. అంటే కథ ఒక స్త్రీ పుట్టింటికి తిరిగి రావడం గురించి. పేరు మాత్రం ఒక మగవాడు అత్తారింటికి దారి వెతుక్కోవడం గురించి. త్రివిక్రమ్ మాటకారి, ఆ చమత్కారం కావాలనే చేసి ఉంటాడు. అయినా ఆ పేరు ఒక నిజాన్ని చెప్పేసింది. సునంద తిరిగి వచ్చే దారి ఆమెది కాదు, మేనల్లుడిది.

నదియా ఆ పాత్రను ఎంత నిబ్బరంగా చేసిందంటే, సగం సినిమా దాకా నేను ఆమె పక్షమే. వెళ్ళగొట్టిన తండ్రి ఎనభయ్యో పుట్టినరోజు నాటికి తనకు కూతురు కావాలంటే ఆమె ఎందుకు వెళ్ళాలి? డ్రైవరుగా వచ్చినవాడు ఎవరో ముందే కనిపెట్టి, ఆ ప్రయత్నం మానుకోమని హెచ్చరిస్తుంది కూడా. ఆ ప్రశ్నకు సినిమా జవాబు చెప్పదు. రైల్వేస్టేషన్ సీనులో మేనల్లుడు ఏడుస్తాడు. ఆమె ఇల్లు వదిలిన రోజున తన తల్లి ఎలా చనిపోయిందో చెబుతాడు. హాల్లో అందరితో పాటు నేనూ ఏడ్చాను. బయటికి వచ్చాక లెక్క చూసుకుంటే, తండ్రి చేసిన తప్పు కాస్తా కూతురి ఖాతాలో పడింది. ఆమె క్షమించాల్సింది పోయి క్షమాపణ చెప్పుకోవాల్సిన స్థితిలోకి వచ్చింది. కలవారి కోడలు కనీసం తన మాట తను అడిగింది.

అన్నాచెల్లెళ్ళ సినిమాలు ఇంకో తెగ. 'పుట్టింటికి రా చెల్లి' (2004) అన్న పేరులో ఉన్న పిలుపుకు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో మా పిన్నులు, అత్తలు ఉన్నారు. 'పుట్టింటి పట్టుచీర' అనే పేరుతో కూడా సినిమా వచ్చింది. ఈ పేర్లు ఊరికే పుట్టలేదు. ఆడపిల్లకు పుట్టింటితో ఉన్న సంబంధం మనకు అన్న పిలుపుగానో, చీరగానో మాత్రమే కనబడుతుంది. గోడలుగా, పొలంగా కనబడదు.

చట్టం ఏమందో చూడండి. 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ ప్రకారం తండ్రి ఇంట్లో నివసించే హక్కు కూతురికి ఎప్పుడు ఉంటుందంటే, ఆమెకు పెళ్ళి కాకుండా ఉండాలి, లేదా భర్త వదిలేసి ఉండాలి, విడిపోయి ఉండాలి, చనిపోయి ఉండాలి. 2005 సవరణలో ఆ సెక్షన్ తీసేసేదాకా ఇదే. మన సినిమాల్లో కూతురు పెట్టె పట్టుకుని పుట్టింటి గుమ్మంలో నిలబడే సీన్లన్నీ ఒకసారి తలుచుకోండి. వదిలేసినవాడో, విడిపోయినవాడో, పోయినవాడో వెనకాల లేకుండా, ఊరికే, ఉండాలనిపించి వచ్చిన కూతురిని ఎన్నిసార్లు చూశాం? స్క్రిప్టు రాసినవాళ్ళు చట్టం చదివి ఉండరు. చదవక్కర్లేదు, రెండూ ఒకే ఊహలోంచి వచ్చినవి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించదు. అమ్మ పెళ్ళి ఆ ఏడాది మే నెలలో అయింది. నాలుగు నెలల తేడాతో పోయిన ఆ హక్కు మళ్ళీ 2005 కేంద్ర సవరణతో వచ్చింది. వచ్చిందని అమ్మకు తెలుసు, నేనే చెప్పాను. 2011లో తాతయ్య పోయాక మావయ్య రమ్మంటే వెళ్ళి, రిజిస్ట్రారాఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర పెట్టారు. ఎందుకు పెట్టావని నేను గొడవ చేస్తే, "సంతకం పెట్టకపోతే ఆ గుమ్మం ఎక్కనిస్తారా" అంది.

ఎక్కనియ్యడం అనే మాట మీద నా దగ్గర వాదన లేకపోయింది, ఇప్పటికీ లేదు. చట్టం ఇంట్లో వాటా ఇవ్వగలదు. ఆ వాటా తీసుకున్నాక సంక్రాంతికి రమ్మని ఎవరు పిలుస్తారు? 'పుట్టింటికి రా' అన్న పిలుపు అంత విలువైనది కావడానికి కారణం, దాని కోసం ఆడవాళ్ళు ఏం వదులుకుంటున్నారో ఆ పిలుపులో ఎక్కడా లేకపోవడం. ఈ మాట మీద ఒక్క జనాదరణ పొందిన పాట నాకు దొరకలేదు. కువైట్ వెళ్ళి ఇళ్ళలో పని చేసి డబ్బు పంపిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, తాము కట్టించిన ఇంటికి తిరిగి వచ్చినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళ స్థానం ఏమిటన్న దాని మీద కూడా నేను విన్నంతలో లేదు. అది ఎవరైనా రాస్తే వినాలని ఉంది.

పోయినేడు అమ్మ చేత 'కలవారి కోడలు' మొత్తం పాడించి రికార్డు చేశాను. భర్త సరేననేదాకా పాడి ఆపేసింది. "తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, అంతే పాట."

నా దగ్గరున్న పాఠాలన్నీ తీసి చూశాను. అన్నీ అక్కడే ముగుస్తాయి. పుట్టింటికి చేరిన చరణం ఒక్కదానిలోనూ లేదు.